పొలం బాట పట్టినవాళ్లు పోరాటం మానేశారా?

అపోహ: 1960ల చివర్లో అమెరికా విద్యార్థులు ఉద్యమాలతో విసిగిపోయి, రాజకీయాలకు దణ్ణం పెట్టి, అందరూ కలిసి బతికే కమ్యూన్లలో చేరిపోయారు.

వాస్తవం: అలా చేరినవాళ్లు ఉన్నారు. కానీ అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మసాచుసెట్స్‌లోని మాంటేగ్ ఫామ్ అనే కమ్యూన్‌నే తీసుకోండి. కాలేజీ పత్రికలకు సంపాదకత్వం వహించిన మార్షల్ బ్లూమ్, రే ముంగో 1967లో లిబరేషన్ న్యూస్ సర్వీస్ పెట్టారు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే చిన్నచిన్న పత్రికలకు అది వార్తలు పంపేది. మరుసటి ఏడాది న్యూయార్క్ ఆఫీసులో వర్గాలు చీలాయి. బ్లూమ్ వర్గం అచ్చుయంత్రంతో సహా మాంటేగ్‌లోని ఒక పాత పొలానికి చేరింది. వార్తాసంస్థ అక్కడ ఎక్కువ కాలం సాగలేదు. 1969లో బ్లూమ్ చనిపోయాడు. మిగిలినవాళ్లు సేద్యం నేర్చుకున్నారు.

ఇంతలో ఆ ఊళ్లోనే జంట అణు రియాక్టర్లు కట్టాలని ఒక విద్యుత్ కంపెనీ తలపెట్టింది. 1974 ఫిబ్రవరి 22న కమ్యూన్ సభ్యుడు శామ్ లవ్‌జాయ్, వాతావరణ వివరాల కోసం ఆ స్థలంలో నిలిపిన ఎత్తైన టవర్‌ను కూల్చేశాడు. వెంటనే పోలీసుల దగ్గరకు వెళ్లి, తానే చేశానని, ఎందుకు చేశానో రాసిచ్చాడు. అభియోగంలోని సాంకేతిక లోపం వల్ల నిర్దోషిగా బయటపడ్డాడు. కంపెనీ 1980లో ప్లాంటును విరమించుకుంది. టవర్ కూల్చడం సబబేనా అన్నది వేరే చర్చ. అది పారిపోయినవాడు చేసే పని మాత్రం కాదు. 1976లో పుట్టిన అణువిద్యుత్ వ్యతిరేక కూటమి క్లామ్‌షెల్ అలయన్స్‌లోనూ ఈ పొలం మనుషులు చురుగ్గా ఉన్నారు. మరుసటి ఏడాది న్యూహాంప్‌షైర్‌లోని సీబ్రూక్ అణుకేంద్రం స్థలంలో ఆ అలయన్స్ బైఠాయించినప్పుడు 1,414 మంది అరెస్టయ్యారు.

అపోహ: కమ్యూన్ అంటే పనీపాటా లేనివాళ్ల మజిలీ. నాలుగేళ్లకే అన్నీ మూతపడ్డాయి.

వాస్తవం: చాలావరకు త్వరగానే మూతపడ్డాయి. కానీ వర్జీనియాలో 1967లో మొదలైన ట్విన్ ఓక్స్ కమ్యూన్ ఇప్పటికీ నడుస్తోంది. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ నవల ‘వాల్డెన్ టూ’ దానికి ప్రేరణ. ప్రతి సభ్యుడూ వారానికి ఇన్ని గంటలని పని చేయాల్సిందే, ఆదాయం అందరిదీ. తాళ్ల ఊయలలు అల్లి అమ్మి దశాబ్దాలపాటు బతికారు.

అపోహ: అక్కడ ఆడా మగా సమానమే.

వాస్తవం: మాటల్లో సమానమే. చాలా కమ్యూన్లలో వంటా పిల్లల పెంపకమూ ఆడవాళ్ల నెత్తినే పడ్డాయి. ట్విన్ ఓక్స్ ఈ విషయంలో మెరుగు. అక్కడ వంటింట్లో గడిపిన గంటనూ, పొలంలో గడిపిన గంటనూ పని లెక్కలో ఒకేలా రాసుకుంటారు.