పాత వ్యాను పీల్చు గాలి

బండి త్రాగు ఇంధనమును గూర్చి ప్రతి యజమానియు లెక్క వ్రాసికొనును గాని, ఆ ఇంధనమును మండించు గాలిని గూర్చి విచారించువారు అరుదు. ఒక లీటరు పెట్రోలు సంపూర్ణముగా దహనమగుటకు దాదాపు 11 కిలోల గాలి, అనగా సుమారు 9000 లీటర్ల గాలి ఆవశ్యకము. 2112 సీసీల ప్యూజో డీజిలు ఇంజను గల పాత మహీంద్రా బండి నిమిషమునకు 2000 చుట్లు తిరుగునప్పుడు, ఆ ఒక్క నిమిషములోనే 2000 లీటర్లకు చేరువగా గాలిని లోనికి పీల్చుకొనును. ఆ గాలి యెట్టిదో ఆ ఇంజను ఆయుర్దాయము అట్టిది.

కర్నూలు–గుంటూరు మార్గమున, నందికొట్కూరు ఆత్మకూరుల నడుమ నున్న జూపాడు బంగ్లా ప్రాంతమునందు ఈ విషయము మిక్కిలి ముఖ్యమైనది. శ్రీశైల జలములను రాయలసీమకు మళ్లించు పోతిరెడ్డిపాడు తూములు ఈ మండలములోనివే. కాలువ గట్ల వెంటను, నల్లరేగడి బాటల మీదను కూలీలను, విత్తనములను, ఎరువు బస్తాలను చేరవేయు పాత వ్యాన్లకును జీపులకును వేసవి వచ్చినచో పిండివంటి ధూళిలోనే సంచారము. ఆ ధూళియందలి ఇసుక రేణువులు పోత ఇనుముకంటె కఠినములు. అవి లోనికి పోయి, ఇంజను ఆయిలుతో కలిసి, రింగులను, సిలిండరు గోడలను అరగదీయగా, బండి ఆయిలు త్రాగును, పొగ చిమ్మును, తుదకు సిలిండర్లకు బోరు పని చేయించవలసి వచ్చును. కావున పాత బండికి గాలిమార్గమును బాగుచేయుట యనగా వేగమును పెంచుట కాదు. శుభ్రమైనదియు, చల్లనిదియు, అడ్డులేనిదియు నగు గాలిని సమకూర్చుట.

పూర్వపు డీజిలు జీపులలో ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు ఉండెడిది. లోనికి వచ్చిన గాలి అడుగుననున్న ఆయిలును తాకి చటుక్కున పైకి మరలునప్పుడు బరువైన ధూళి ఆయిలులో పడును. మిగిలినది పైనున్న తీగజాలమునకు అంటుకొనును. ఇది చిరకాలము మన్నునదియే గాని, ఆ ఆయిలు బురదవలె చిక్కబడిన వెంటనే మార్చవలెను. గుర్తుగీతను మించి పోయరాదు. మించినచో ఇంజను దానినే పీల్చి, అదుపు తప్పి పరుగెత్తు ప్రమాదము కలదు. సన్నని ధూళిని ఆపుటలో కాగితపు ఫిల్టరు దీనికంటె సమర్థమైనది. అది పూడుకొనినచో, తూర్పారపట్టు రైతు ముఖమునకు తడిగుడ్డ బిగించుకొన్నట్లే ఇంజనుకు ఊపిరాడదు. డీజిలు సగము మండి నల్లపొగయగును, ఆత్మకూరు దాటి నల్లమల ఘాటు ఎక్కునప్పుడు బండి లాగదు. ఫిల్టరును గాలితో ఊదవలసివచ్చినచో, తక్కువ ఒత్తిడితో, లోపలి నుండి వెలుపలికి ఊదవలెను. పిమ్మట లోపల దీపము పెట్టి చూచినచో చిరుగు కనబడును. చిరిగిన దానిని పారవేయుటయే మేలు.

అయినను, ఎంత మంచి ఫిల్టరున్నను దానికిని ఇంజనునకును నడుమనున్న రబ్బరు హోసు పగిలినచో సర్వము వ్యర్థము, ఏలయన వడగట్టని గాలి అచ్చటనుండి నేరుగా లోనికి చొచ్చును. ఆ హోసు లోపలి భాగమును వ్రేలితో తుడిచి చూచుట అందరును చేయదగిన పరీక్ష: మట్టి అంటినచో, హోసునో, బిగువు తప్పిన క్లిప్పునో మార్చవలెను.

తరువాతిది ఉష్ణము. ఉష్ణోగ్రత 3 డిగ్రీలు పెరిగినకొలది గాలి సాంద్రత నూటికి సుమారు ఒకవంతు తగ్గును. వెలుపల 40 డిగ్రీలుండగా, బానెట్టు క్రింద 70 డిగ్రీల గాలిని పీల్చు ఇంజనుకు ప్రాణవాయువు నూటికి 9 వంతులు కొరవడును. చూచుటకు సొగసైన, పెట్టెలేని ఫిల్టరును ఇంజను ప్రక్కనే బిగించుకొను యువకులు శబ్దమును పొందుదురు గాని శక్తిని పొందరు. అంతకంటె, ఫిల్టరు పెట్టెను యథాతథముగా నిలిపి, గాలి పీల్చు గొట్టపు మూతిని రేడియేటరు వేడికి దూరముగా, చక్రములు లేపు ధూళికి పైగా, వెలుపలి గాలి తగులు చోటికి మార్చుట ఉత్తమము. గొట్టము వెడల్పు తగ్గరాదు, మలుపులు తక్కువగా నుండవలెను. ట్రాక్టరు బానెట్టు మీద కనబడు ధూళిగిన్నె వంటి దానిని మూతికి అమర్చినచో, గాలి సుడి తిరిగి ముతక ధూళి ముందే వేరుపడును.

మూతి ఎత్తుననుండుటవలన వానకాలమునందును మేలు కలదు. వాగు దాటునప్పుడు ఇంజను నీరు పీల్చినచో, నీరు గాలివలె కుంచించుకొనదు గనుక కనెక్టింగు రాడ్డు వంగును. అట్లని ఎత్తైన గొట్టమును నమ్మి పొంగు వాగులో దిగుట సాహసము కాదు, అవివేకము.

ఈ పనులకు గొప్ప ధనము అక్కరలేదు. సకాలమున మార్చిన ఫిల్టరు, పగుళ్లులేని హోసు, సరియైన చోటనున్న మూతి చాలును. బోరు పని చేయించుకొను ఖర్చుతో పోల్చినచో ఇది అత్యల్పము. ఒక పాత వ్యానుపై డ్రైవరు కుటుంబమును, దానిలో పొలమునకు పోవు కూలీల దినవేతనమును ఆధారపడి యుండగా, దాని ఊపిరిని కాపాడుట వారి జీవనోపాధిని కాపాడుటయే యగును.