చేతికి పని, ఇంటికి కళ

కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయని పెద్దలు ఊరికే అనలేదు. కాని ఈ రోజుల్లో పొదుపును గురించి మాట్లాడబోయేవాడికి ఒక చిక్కు ఉన్నది. ఇంట్లో చేసుకున్న వస్తువుకన్నా అంగట్లో కొన్న వస్తువే చాలాసార్లు చౌక. మా దిల్‌సుఖ్‌నగర్ సంగతే చూడండి. మెట్రో రైలు స్తంభాల నీడన, రోడ్డుకు రెండు పక్కలా, దుప్పట్ల దగ్గరనుంచి దీపపు వత్తుల దాకా దొరకని వస్తువు లేదు. ఎల్.బి. నగర్ వైపు ఇంటికి పోతూ దారిలో పది నిమిషాలు ఆగితే చాలు, ఒక పండుగకు కావలసిన సరంజామా అంతా సంచీలోకి వచ్చిపడుతుంది.

మరి అలాంటప్పుడు చేతులు నొప్పిపుట్టేట్టు ఇంట్లో చేసుకోవడం ఎందుకు? ఈ ప్రశ్న మా శ్రీమతి వేసింది. ఆమె ఉద్యోగస్థురాలు. పొద్దున పోయి పొద్దుగూకి వచ్చే మనిషి అడగవలసిన ప్రశ్నే అది. దానికి జవాబు నాకు మొదట కాలేజీలో దొరికింది, తరువాత మా ఇంట్లోనే దొరికింది.

నేను తెలుగు చెప్పే ఉపన్యాసకుణ్ణి. ఒకనాడు డిగ్రీ తరగతిలో పాఠం మధ్య ‘దబ్బనం’ అనే మాట వచ్చింది. తరగతి మొత్తంలో ఆ మాట తెలిసినవారు ఇద్దరు తేలారు. ‘పురికొస’ ఎవరికీ తెలియదు. పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. గోనెసంచి కుట్టే పెద్ద సూదిని దబ్బనం అంటారని నేను చెప్పాను, వాళ్లు రాసుకున్నారు. కాని దబ్బనాన్ని ఎన్నడూ పట్టి ఎరుగని చేతికి ఆ మాటతో పని ఏమున్నది? పరీక్ష అయిపోగానే మరచిపోతారు. పని పోయిన ఇంట్లో మాట కూడా నిలవదని ఆనాడు నాకు అనిపించింది. ఆ పనులూ ఆ మాటలూ రెండూ ఎరిగినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లు మన అమ్మలు, అత్తలు, నాయనమ్మలు.

మా అమ్మది నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె. నాన్నగారు పోయిన తరువాత మా దగ్గరికి తెచ్చుకున్నాము. మాది మూడో అంతస్తులో ఫ్లాటు. వాకిలి లేదు, దొడ్డి లేదు, చాట పట్టుకుని కూర్చునే అరుగు లేదు. ఊళ్లో క్షణం ఊరుకోని మనిషి ఇక్కడ బాల్కనీలో కుర్చీ వేసుకుని వచ్చేపోయే బండ్లను చూస్తూ ఉండేది. “నాకిక్కడ ఏం పనున్నది బిడ్డా? ఊర్లె దింపి రా,” అని నెలకొకసారైనా అనేది. కడుపునిండా తిండి ఉన్నది, వేళకు మందులున్నవి. లేనిదల్లా ‘నీవు లేకపోతే ఈ పని కాదు’ అనే మాట.

ఒక వేసవిలో పాత చీరల మూట కట్టి, వీధిలోకి వచ్చే స్టీలు సామాన్ల ఆమెకు వేయబోతుంటే అమ్మ ఆ మూట విప్పించింది. “మెత్తబడ్డ చీరెలను ఇచ్చేస్తరా? బొంతకు గివే మంచిగుంటయి,” అన్నది. ఆ పూటనుంచి మా ఇంట్లో బొంత పని మొదలైంది.

బొంతకు నూలు చీరలే కావాలి. సిల్కు జారుతుంది, పాలిస్టరు చెమట పీల్చదు. ఉతికి, గంజి పూర్తిగా వదిలించి ఆరవేయాలి. అయిదున్నర గజాల చీరను సగానికి మడిస్తే రెండు పొరలవుతుంది. అట్లా మూడు చీరలు ఒకదానిమీద ఒకటి పరిస్తే ఆరు పొరలు. ఒక మనిషి పరుచుకోవడానికీ చలికాలంలో కప్పుకోవడానికీ అది సరిపోతుంది. ఎండ ఎక్కకముందే డాబామీద పరిచి, ముడతలు లాగి, మూలలకు బరువులు పెట్టాలి. ముందు నాలుగు అంచులూ కుట్టాలి. తరువాత జానెడు దూరానికి ఒకటిగా పెద్ద పెద్ద టాకాలు వేస్తే పొరలు జరగవు. ఆపైన రెండు వేళ్ల ఎడంతో వరసలు నడపాలి. మా అమ్మాయి ఏడవ తరగతి. మొదటి రోజు దాని కుట్టు పాము నడకలా పోయింది. “సన్నగ రాకున్నా మంచిదే, వరస తప్పొద్దు,” అని నాయనమ్మ పక్కన కూర్చుని దిద్దింది. రోజుకు గంట చొప్పున మూడు వారాల్లో బొంత పూర్తి అయింది.

ఇది మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. బెంగాలులో ఇదే పని కాంథా అయింది. అక్కడి ఆడవాళ్లు పాత చీరల అంచులనుంచి దారం లాగి, దానితోనే పూలూ పక్షులూ కుట్టేవారు. కన్నడదేశంలో దీన్ని కౌది అంటారు. నేడు కాంథా పెద్ద దుకాణాల్లో ఖరీదైన వస్తువు. మన బొంత మాత్రం ‘బొంత కాకి’ అన్న మాటలోనే మిగిలేట్టున్నది.

వేసవి దాటి జూన్ వచ్చిందంటే బడుల కాలం. పోయిన ఏటి నోటుపుస్తకాల్లో రాయకుండా మిగిలిన కాగితాలు ఎన్ని ఉంటాయో మీరెప్పుడైనా లెక్కపెట్టారా? వాటిని ఊడదీసి, కొలత సమం చేసి, రెండు చెక్కల మధ్య బిగించి, దబ్బనంతో అయిదు కన్నాలు పొడిచి పురికొసతో కుడితే చక్కని చిత్తుపుస్తకం తయారు. పెళ్లి శుభలేఖల అట్టలు పైకి పనికివస్తాయి, పాత క్యాలెండరు కాగితం తొడుగుకు పనికివస్తుంది. మైదాపిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, పిమ్మట సన్నని సెగమీద తిప్పుతూ ఉడికిస్తే జిగురు వస్తుంది. పురుగు పట్టకుండా పుస్తకాలు కుట్టేవాళ్లు అందులో చిటికెడు మైలతుత్తం వేస్తారు. అది విషం గనుక పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోకపోవడమే మంచిది. జిగురు ఏ రోజుకారోజు చేసుకుంటే సరి. ఈ పని మా అబ్బాయి వంతు. ఇంటర్ చదివే వాడు లెక్కలన్నీ ఆ చిత్తుపుస్తకాల్లోనే చేస్తాడు.

వానలు పడి భాద్రపదం వచ్చేసరికి మట్టి పని. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ నీటిలో తొందరగా కరగదు, దాని రంగులు చెరువును పాడుచేస్తాయి. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అట్టి విగ్రహాలు వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. 2021లో హుస్సేన్‌సాగర్ నిమజ్జనం సంగతి హైకోర్టు దాకా, అక్కడినుంచి సుప్రీంకోర్టు దాకా పోయింది. మా సరూర్‌నగర్ చెరువులోనూ ఏటా నిమజ్జనాలు జరుగుతాయి. ఇంటి పూజకు జానెడు మట్టి వినాయకుడు చాలడా? రాళ్లు ఏరిన బంకమట్టిని చపాతి పిండిలాగా పిసికి, కొంచెం దూది పింజలు కలిపితే బీటలు వారదు. ముందు పీట, తరువాత బొజ్జ, ఆ తరువాత తల, చివర తొండం. కళ్లకు మిరియాలు అద్దాలి. నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగులుతుంది. పూజ అయినాక బకెట్టు నీళ్లలో ఉంచితే తెల్లవారేసరికి కరుగుతుంది, ఆ మట్టి తులసికోటకు పనికివస్తుంది. మట్టి పిసికే పని నాది. తొండం ఎటు తిప్పాలో చెప్పే అధికారం అమ్మది.

ఆ వెనుకనే బతుకమ్మ. 2014నుంచి ఇది రాష్ట్ర పండుగ. పెత్రమాసనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదోనాడు సద్దులతో ముగుస్తుంది. ఒకప్పుడు ఎల్.బి. నగర్ దాటితే చేలే, గట్లమీద గునుగు దానంతట అదే పూసేది. ఇప్పుడు ఊళ్లనుంచి తెచ్చి కట్టలు కట్టలుగా అమ్ముతారు. కట్టిన బతుకమ్మ కూడా దొరుకుతుంది. కాని పేర్చడంలోనే ఉన్నది అసలు పండుగ. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి, చుట్టూ తంగేడు పూలు వేసి, గునుగు కాడలు సమంగా కోసి కట్టలు కట్టి, కొన్నిటికి రంగులద్ది వరుసలు పేర్చాలి. ప్రతి వరుసకూ నడుమ ఖాళీలో ఆకులూ కాడలూ కూరితేనే అది నిలుస్తుంది. పైకి పోయినకొద్దీ సన్నబడాలి. చివరన పసుపు గౌరమ్మ.

ఆ ఏడు మా అమ్మ పేర్చిన బతుకమ్మ చూసి పక్క ఫ్లాటు కోడళ్లు వచ్చారు. “అత్తమ్మా, మాది సగానికే ఒరుగుతున్నది, ఎట్ల పేర్చాలె?” అని అడిగారు. మరుసటి ఏడు కింద కార్లు పెట్టేచోట చాపలు పరిచి పదిమందీ ఆమె చుట్టూ కూర్చున్నారు. ఊర్లె దింపి రమ్మన్న మాట ఆమె నోట మళ్లీ నేను వినలేదు. మా శ్రీమతి వేసిన ప్రశ్నకు రెండవ జవాబు ఇదే.

కార్తీకంలో దూది వత్తులు చేయడం అందరూ టీవీ ముందు కూర్చునే చేయగల పని. పున్నమినాటి గుత్తికి రోజుకొకటి లెక్కన 365 వత్తులు కావాలి గదా! సంక్రాంతికి గాలిపటం ఉన్నది. పలచని కాగితం, రెండు కొబ్బరి ఈనెలు, ఇంటి జిగురు, పాత గుడ్డ పీలిక తోక. ఒక ఈనె నిలువుగా, ఒకటి విల్లులా వంచి అంటించాలి. దారం మాత్రం నూలుదే కట్టండి. మనుషుల గొంతులూ పక్షుల రెక్కలూ తెగుతున్నాయని నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానం 2017లో నిషేధించింది. కరెంటు తీగలకూ మెట్రో లైనుకూ దూరంగా, ఖాళీ మైదానంలోనే ఎగరవేయాలని పిల్లలకు మరీ మరీ చెప్పండి.

చేతిపని చదువుకు అడ్డు కాదా అని కోచింగు సెంటర్ల నడుమ కాపురముండే మా వంటివారికి సందేహం రావడం సహజం. ఫిన్లండు దేశం 1866లోనే చేతిపనిని బడుల్లో తప్పనిసరి పాఠం చేసింది. 1937లో వార్ధాలో గాంధీగారు చెప్పిన విద్యాపద్ధతికి మూలమే చేతివృత్తి. కొలవడం, ఓపిక పట్టడం, చెడినదాన్ని విప్పి మళ్లీ చేయడం, ఇవి సూదీ మట్టీ నేర్పినంత బాగా మరేవీ నేర్పలేవు.

ఒక్క హెచ్చరిక. ఇవన్నీ ఇల్లాలి నెత్తిన వేసేట్టయితే మానుకోవడమే మేలు. ఉద్యోగమూ వంటా చాలక బొంత కూడా ఆమే కుట్టాలంటే అది పొదుపు అనిపించుకోదు. మా ఇంట్లో కాలానికి ఒకటే పని, ఆదివారం సాయంత్రం రెండు గంటలు, అందరూ కూర్చోవలసిందే. ఎవరి వంతు వారికి ఉంటుంది. సెల్‌ఫోన్లు పక్క గదిలో ఉంటాయి.

మీ ఇంట్లోనూ ఒక పాత పెట్టె పెట్టండి. మంచి గుడ్డముక్కలు, అట్టలు, పురికొస, గుండీలు అందులో పడేయండి. పక్కనే ఒక చిత్తుపుస్తకం ఉంచి, పెద్దవాళ్లు పని చేస్తూ వాడే మాటలు పిల్లలచేత రాయించండి. మా పుస్తకంలో ఇప్పటికి రెండు వందల పైచిలుకు మాటలున్నవి. వాటిలో కొన్ని తెలుగు ఎం.ఏ. చదివిన నాకూ కొత్తవే. ఇవి నేర్పగలిగినవాళ్లు ఎల్లకాలం మన ఇళ్లలో ఉండరు. ఈ ఆదివారమే మీ అమ్మగారినో అత్తగారినో కూర్చోబెట్టి, వాళ్ల చిన్నప్పుడు ఈ కాలంలో ఇంట్లో ఏమేమి చేసేవారో అడగండి.