మీకు తెలుసా? అమ్మానాన్నల పాట మీ జ్ఞాపకం కూడా!

పాత పాట చెవిన పడగానే కాలేజీ రోజులు కళ్లముందు కదలడం వింతేమీ కాదు. పదికీ ముప్పైకీ మధ్య వయసులో జరిగినవే పెద్దయ్యాక ఎక్కువగా గుర్తుకొస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పుడో గమనించారు. అసలు వింత వేరే ఉంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో కెరల్ క్రమ్‌హాన్సల్ బృందం ఇరవై ఏళ్ల కుర్రకారుకు 1955 నుంచి 2009 దాకా వచ్చిన హిట్ పాటల ముక్కలు వినిపించింది. తమ కాలపు పాటలు వాళ్లను కదిలించాయి, సరే. కానీ వాళ్లు పుట్టకముందు, 1980ల తొలినాళ్లలో వచ్చినవి కూడా జ్ఞాపకాలను తట్టిలేపాయి! అవి వాళ్ల అమ్మానాన్నలు పడుచువయసులో విన్న పాటలు. తాతల నాటి 1960ల పాటలకూ కొంత ఇదే వరస. ఈ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి.

మన తెలుగువాళ్లకు ఇందులో ఆశ్చర్యం కాస్త తక్కువేనేమో. ‘మాయాబజార్’ సినిమా విడుదలైన 1957లోనే, అక్టోబరు 3న, సినిమా పాటలు వినిపించే రేడియో సేవ వివిధభారతి మొదలైంది. అంతకుముందు ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెడితే జనం రేడియో సిలోన్‌కు ముల్లు తిప్పుకున్నారు. అప్పట్లో ఇంట్లో రేడియో ఒక్కటే. పెద్దలు పెట్టిందే పిల్లలూ వినాల్సి వచ్చేది. గాయకుడు ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆ తర్వాత పుట్టినవాళ్లలోనూ ఆయన గొంతు వింటే తాతయ్య గుర్తొచ్చేవాళ్లు ఎందరో.