కారునకు దారి చూపు యంత్రము

కారునకు దారి చూపు యంత్రమును కొనబోవువారు, వెల నడుగుటకు ముందు అది చేయు పని యేమో తెలిసికొనుట మేలు. ఆ పని యొకటి కాదు, రెండు. మన మెచ్చట నున్నామో కనుగొనుట మొదటిది. అచ్చటినుండి పోవలసిన త్రోవను చూపుట రెండవది. ఈ భేదము నెరిగినచో ఎంపిక సులభమగును.

మొదటి పనికి ఆధారము ఉపగ్రహములు. అమెరికా వారి జీ.పీ.యస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, తమ స్థానమును, కాలమును ఎల్లప్పుడు చాటుచుండును. ఆ సంకేతము వచ్చుటకు పట్టిన కాలమును బట్టి యంత్రము దూరమును గణించును. గడియారమున సెకనులో పదిలక్షవ వంతు తప్పినను దూరమున 300 మీటర్లు తప్పును. కావున మూడు చాలవు. యంత్రములోని గడియారమును సరిదిద్దుకొనుటకై నాలుగవ ఉపగ్రహము కూడ అందవలెను. రష్యా, ఐరోపా ఉపగ్రహముల సంకేతములను గూడ గ్రహించు యంత్రమైనచో, ఎత్తయిన మేడల నడుమ మరింత నమ్మదగియుండును. దీనికి ఫోను సంకేతముతో పనిలేదు.

రెండవ పనికి ఆధారము పటము. చేతిఫోనులోని పటము సాధారణముగా ఇంటర్నెట్టు ద్వారా వచ్చును. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవువారు నల్లమలలో ఫోను సంకేతము లేని తావులను దాటవలసియుండును. అచ్చట స్థానము తెలియుచునే యుండును గాని, పటము రాకపోవచ్చును. బయలుదేరుటకు ముందే ఆ ప్రాంతపు పటమును దింపుకొన్నచో ఈ చిక్కు లేదు.

కావున నా సలహా యిది. నగరమున తిరుగువారికి ఫోను చాలును. రద్దీని గూడ అది తెలుపును. తరచుగా కొండదారుల పోవువారు, పటములు తనలోనే నిలువయుండు ప్రత్యేక యంత్రమును కొనవచ్చును. అయితే క్రొత్త పటములకు రుసుము కలదో లేదో ముందే యడుగవలెను. అంగడిలోనే మీ యూరి పేరు చెప్పి పరీక్షింపుడు. కొత్తపల్లి యను పేరుగల యూళ్లు మనకెన్నో కలవు; జిల్లాను చూచి యెన్నుకొనుడు. ఏది కొన్నను చూపున కడ్డురాని చోట బిగించుకొని, తెర చూచుటకు మారుగా మాట వినుడు.

నేను బడిలో పిల్లలకు పటము చదువుట నేర్పినవాడను. పటము తాను గీయబడిన నాటి సంగతి చెప్పును. నేటి వాన దానికి తెలియదు. చప్టామీద వాగు పొంగి పారుచుండగా యంత్రము ముందుకే పొమ్మనవచ్చును. మన తార్కికులు ప్రత్యక్షమును ప్రమాణములలో మొదట నిలిపిరి. కంటి కగపడు నీటిని నమ్మి, కారు నాపి, వెనుకకు మరలువాడు క్షేమముగా ఇల్లు చేరును.