క్లాంగు జ్వరమును కాలువలతో మాన్పిన సర్కారు వైద్యుడు

జ్వరము వచ్చినవానికి మందిచ్చుట వైద్యుని పనియని మనలో ప్రతివారికిని తెలియును. కూలివాని పడక యెక్కడ వేయబడినది, వాని లైను ప్రక్కను నీరు ఏ వైపునకు పారుచున్నది, వాడు తెల్లవారుజామున ఏ గుంట దాటి పనిలోనికి పోవుచున్నాడు అని విచారించుటయు వైద్యుని పనియే యని మాత్రము చాలమంది యెరుగరు. పనివలన కలుగు రోగములను, పనిచోటనుండు అపాయములను కనిపెట్టి వానిని మాన్పు నిమిత్తము ప్రభుత్వములచేత నియమింపబడిన వైద్యులు నేడు అనేక దేశములలో గలరు. మలయా తోటలలో ఆ పని యెట్లు మొదలైనదో చెప్పుకొనుట మన కుటుంబముల పాత కథ చెప్పుకొనుటయే యగును. ఆ జ్వరములో పడినవారిలో అరవవారు హెచ్చు. విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి ఓడలెక్కి వచ్చిన మనవారును ఉండిరి.

మాల్కం వాట్సన్ అను స్కాట్లండు దేశస్థుడు 1900వ సంవత్సరమున మలయా సర్కారు వైద్యశాఖలో చేరి, 1901 జనవరిలో క్లాంగు జిల్లాకు వైద్యుడుగా పంపబడెను. అప్పటికతనికి ముప్పది యేండ్లయినను నిండలేదు. క్లాంగు నాడు చిన్న పట్టణము. గుట్టల నడుమ బురదపల్లములు, పల్లములచుట్టు అడవి, వాని మధ్యనే యిండ్లు. అక్కడికి కొద్దిమైళ్ల దూరమున, సముద్రపుటొడ్డున మడయడవి నరికి, సర్కారువారు క్రొత్త రేవునొకదానిని కట్టించిరి. దానికి పోర్ట్ స్వెట్టెన్‌హాము అని పేరు. 1972 నుండి దానినే పోర్ట్ క్లాంగు అనుచున్నాము. 1901 సెప్టెంబరు 15వ తేదీన రేవు తెరువబడెను. తెరచిన కొద్దికాలమునకే కూలీలు, గుమాస్తాలు, ఓడవారు అందరును చలిజ్వరముతో పడిపోయిరి. ఇంత ధనము పోసి కట్టిన రేవును మూసివేయవలసి వచ్చెను.

ఆ కాలమున దీనికి జనులు చెప్పెడి కారణములు పలురకములు. దొరలు కొందరు నేలనుండి లేచు దుర్వాయువనిరి. కూలివాండ్రు శుచి లేనివారనియు, బలహీనులనియు మరికొందరనిరి. మనవారు సయితము "ఈ దేశపు నీళ్లు పడలేదు" అని నుదురు కొట్టుకొని యూరకుండిరి. మన్యపు జ్వరమని దేశమున పెద్దలు పిలిచినది ఇదియే. మన్యములోనికి పోయినవాడు జ్వరము తెచ్చుకొనుట సహజమనుకొనుట మనకు పూర్వమునుండియు అలవాటు.

అయితే నిజమైన కారణము అంతకు నాలుగేండ్లకు ముందే మన తెలుగుగడ్డమీదనే బయటపడియుండెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా బీజమును చూచెను. అతడును సర్కారు జీతగాడే. జ్వరముతో నున్న హుసేన్ ఖాన్ అను రోగి దోమలచేత కుట్టించుకొనుటకు ఒప్పుకొనగా, దోమకొక అణా చొప్పున అతనికి రాస్ చెల్లించెను. ఆ అణాల ఫలమును మలయా కూలీలకు ముట్టజెప్పినవాడు వాట్సన్.

వాట్సన్ చేసిన మొదటి పని లెక్క వ్రాయుట. ఆసుపత్రికి వచ్చిన ప్రతి జ్వరరోగియు ఏ యింటినుండి వచ్చెనో గుర్తించి, ఆ యిండ్లకు పోయి చుట్టునున్న నీటిని చూచెను. రోగులు మంచములకు మించి వచ్చుచుండగా ఆసుపత్రి విడిచి బురదలో తిరుగు వైద్యుని చూచి నవ్వినవారు లేకపోలేదని తలచెదను. పిమ్మట అతడు పై యధికారులకు వ్రాసినది మందుల కొరకు కాదు, కాలువల కొరకు. పట్టణములోను రేవులోను పల్లములను ఎండగట్టవలెను, అడవిని వెనుకకు నరుకవలెను, రేవుచుట్టు సముద్రపు పోటు లోనికి రాకుండ గట్టు వేయవలెను అని కోరెను. సర్కారువారు సొమ్మిచ్చిరి. పని జరిగెను.

ఫలితమును చూడుడు. క్లాంగు పట్టణమునను రేవునందును కలిపి 1901లో జ్వరముచే చనిపోయినవారు 368 మంది. 1902లో 59 మంది. 1905లో 45 మంది. ఇందులో గమనింపవలసిన విషయమొకటి కలదు. అంకెలు తగ్గుట కాలమహిమ కావచ్చును, ఆ యేడు వానలు తక్కువ కావచ్చును అని ప్రశ్నించువారుందురు కదా. అందుకొరకు కాలువలు త్రవ్వని చుట్టుప్రక్కల గ్రామముల లెక్కను కూడ వాట్సన్ అదే పుస్తకములో వ్రాసియుంచెను. అక్కడ జ్వరమరణములు తగ్గలేదు సరికదా, 1905 నాటికి మునుపటికంటె హెచ్చెను. ఒకే వాన, ఒకే యెండ, ఒకే జాతి కూలీలు. కాలువ యున్నచోట బ్రదికిరి, లేనిచోట చచ్చిరి. కూలివాని దేహము బలహీనమన్న మాటకు ఇంతకంటె గట్టి జవాబు నాకు తెలియదు.

ఇక తోటల సంగతి. రబ్బరు ధర పెరిగి తోటలు విస్తరించినకొలది వాట్సన్ లైనులకు పోయి చిన్నపిల్లలను వరుసగా నిలువబెట్టి వారి కడుపులు తడిమి చూచుచుండెను. మనవారు కడుపులో బల్ల యనెడిది మలేరియా పలుమార్లు వచ్చినచో పెరుగు ప్లీహమే. పెద్దవారు ఊరినుండి రోగము తెచ్చుకొనియుండవచ్చును. ఇక్కడనే పెరుగుచున్న పసివాని కడుపు అబద్ధమాడదు. ఏ లైనులో నూరుమంది పిల్లలలో ఎందరికి బల్ల యున్నదో వ్రాసికొని, ఆ లైను అడవికిని బురదకును ఎంత దూరమున నున్నదో కొలిచిచూచెను. దూరము హెచ్చినకొలది బల్ల తగ్గెను. లైనులు దోమలు పుట్టు నీటికి సుమారు అరమైలు దూరమున నుండవలెనను మాట ఇట్టి కొలతలవలననే వచ్చినది.

చదునునేల తోటలలో ఈ వైద్యము చక్కగా ఫలించెను. అడవి నరికి, బురదకు కాలువ తీసి, నేలకు ఎండ తగులనిచ్చినచో జ్వరము తనంతట పోవుచుండెను. కాని కొండతోటలలో చిత్రము జరిగెను. అక్కడ లోయలోని అడవి నరికిరి, ఊటలకు చక్కని కాలువలు తీసిరి, నీరు అద్దమువలె తేటగా పారెను, అయినను జ్వరము పోలేదు. అడవి నరుకక మునుపు ఆరోగ్యముగా నున్న లోయలు నరికిన తరువాత రోగస్థలములాయెను. ఒకచోట ప్రాణము కాపాడిన కత్తియు పారయు మరియొకచోట ప్రాణము తీసినవన్నమాట.

దీని రహస్యము దోమల జాతులలో నున్నది. చదునునేల బురదలోని దోమ, శాస్త్రజ్ఞులు అంబ్రోసస్ అనునది, చెట్లనీడలోని నిలువనీటిలో పుట్టును. ఎండ తగిలినచో దానికి గతి లేదు. కొండదోమయగు మాక్యులేటస్ దీనికి విరుద్ధము. ఎండ పడెడి తేటనీరే దానికి పుట్టిల్లు; అడవి నీడయే దానికి శత్రువు. కనుక చదునునేలమందు కొండలో వేసిన వైద్యుడు తెలియక దోమలకు ఉయ్యాల కట్టినవాడాయెను. ఈ సంగతి తెలిసిన పిమ్మట సీఫీల్డు మొదలగు కొండతోటలలో లోయల యడుగున మట్టిగొట్టములు పాతి నీటిని నేలక్రిందనే పారించు పద్ధతిని అవలంబించిరి. అది మిక్కిలి వ్యయముతో కూడిన పని. తరువాత వారమున కొకసారి నీటిపై కిరసనాయిలువంటి నూనె చల్లు పద్ధతి వచ్చెను. వీపున డబ్బా కట్టుకొని కాలువల వెంట నూనె చల్లుచు పోయెడి కూలిని చూచిన ముసలివారు మన లైనులలో ఇటీవలి వరకు ఉండిరి.

కొయినా మాట చెప్పవలెనా? వాట్సన్ దానిని విరివిగా ఇప్పించెను. చేదునకు వెరచి నాలుక క్రింద దాచి తరువాత ఉమిసినవారి కథలు ప్రతి తోటలోను గలవు. అయినను మందు జ్వరమును దించునేగాని దోమను ఆపలేదు.

ఇట్టి సర్కారు వైద్యుని స్థితి సులభమైనది కాదు. అతనికి జీతమిచ్చునది ప్రభుత్వము. అతడు ఖర్చు పెట్టుమని అడుగవలసినది తోటల యజమానులను. అతడు కాపాడవలసినది ఆ యిద్దరి యెదుటను నోరు మెదపలేని కూలిని. అందుచేత వాట్సన్ తరచుగా డబ్బు భాషలోనే మాటలాడెను. జ్వరముతో పడుకొన్నవాడు చెట్టు గీయలేడు, చచ్చినవాని బదులు మరియొకని తెచ్చుటకు ఓడకూలి యగును, కాలువకు అంతకంటె తక్కువ యగును అని వాదించెను. ప్రాణమునకంటె లెక్కపుస్తకమే బలమైన సాక్షి యగుట విచారకరమే. అయినను ఆ సాక్షిని ప్రవేశపెట్టుట తెలిసినవాడగుటచేతనే అతని పని సాగినది. కొంతకాలమునకు అతడు సర్కారు కొలువు విడిచి తోటల ఆసుపత్రులకే వైద్యుడాయెను. 1924లో సర్ బిరుదము పొందెను. గృహము, నీరు, ఆసుపత్రి వీనిని తోటవారే ఏర్పరుపవలెనని 1923 నాటి లేబరు కోడు నియమించినప్పుడు దాని వెనుక ఇట్టి లెక్కపుస్తకములెన్నియో యుండెను.

నేడు ఈ దేశమున ఆ పాత జ్వరము దాదాపు పోయినది. మనుష్యునినుండి మనుష్యునికి దోమ చేర్చెడి మలేరియా 2018 నుండి స్థానికముగా పుట్టినట్లు నమోదు కాలేదు. కాని కోతులనుండి దోమల ద్వారా మనుష్యులకు వచ్చెడి నోలెసై అను మలేరియా, ముఖ్యముగా సబా, సరవాక్ ప్రాంతములలో, అడవియంచున పనిచేయువారిని ఇంకను పట్టుచున్నది. కావున చలిజ్వరము వచ్చినవాడు మలేరియా పోయినదిగదా యని ఊరకుండక, తాను అడవియంచున పనిచేసితినని చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

వీపుమీద డబ్బా మాత్రము పోలేదు. దానిలోని ద్రవ్యము మారినది. కలుపు చంపుటకు చల్లు మందులలో పారాక్వాట్ అనునది మిక్కిలి క్రూరమైనది. కొంచెము మ్రింగినను ఊపిరితిత్తులను చెరుచును. దానికి విరుగుడు లేదు. చర్మముపై పుండ్లు, గోళ్లు చెడుట, ముక్కునుండి రక్తము కారుట దానిని చల్లువారిలో కనబడు లక్షణములు. ఆ పని చేసినవారిలో స్త్రీలే హెచ్చు. మలేసియా ప్రభుత్వము 2002లో దానిని మానిపింప నిశ్చయించెను. 2006లో ఆ నిషేధమును సడలించెను. తుదకు 2020 జనవరి 1వ తేదీనుండి పూర్తిగా నిషేధించెను. ఈ పదునెనిమిదేండ్ల ముందువెనుకలలో ఎందరు తల్లుల చేతులు పాడైనవో వ్రాసియుంచిన పుస్తకము లేదు. ఏలయనగా పుండుతో వచ్చిన స్త్రీకి లేపనమిచ్చి పంపిన చోట, "అమ్మా, నీవు ఏమి పని చేయుదువు?" అని అడుగుట జరుగలేదు. రోగిని అడుగవలసిన ప్రశ్నలలో వృత్తిని గూర్చిన ప్రశ్నను చేర్పవలెనని ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700లోనే చెప్పెను. అది నేటికిని మరువబడుచున్నది.

ఇప్పుడు చట్టము మనవైపున నున్నది. 1994 నాటి వృత్తిభద్రతా ఆరోగ్య చట్టము తోటపనికిని చెల్లును. 2000 నాటి నిబంధనలనుబట్టి హానికరమైన రసాయనములతో పనిచేయువారిని, అవసరమని తేలినచోట, వృత్తిరోగవైద్యునిచే పరీక్ష చేయింపవలెను; ఆ పనికి తగరని వైద్యుడు వ్రాసినచో వారిని దానినుండి తప్పింపవలెను. గర్భిణులను, పాలిచ్చు తల్లులను గూర్చియు ఆ నిబంధనలలో వ్రాయబడినది. పనివలన రోగము గాని విషము గాని కలిగినదని అనుమానించు వైద్యుడు, 2004 నాటి నిబంధనలప్రకారము, జె.కె.కె.పి. యను సర్కారు శాఖకు తెలుపవలెను. అపాయమును గూర్చి ఫిర్యాదు చేసినవానిని ఆ కారణమున పనినుండి తీసివేయుట ఆ చట్టములో నేరము. కన్నెదుటనున్న ప్రాణాపాయమునుండి తొలగిపోవు హక్కును 2024 జూను 1వ తేదీనుండి అమలులోనున్న సవరణ పనివానికిచ్చినది.

వాట్సన్ తానే బురదలో దిగి నీటిని చూచెను. నేటి వైద్యునికి తోట దూరము. రోగి నోటిమాటయే అతనికి కన్ను. కనుక పిచికారి పనికి పోవు అక్కలు, తమ్ముళ్లు ఆసుపత్రికి పోవునప్పుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. డబ్బామీది చీటీ చదువ రాకపోయినను, ఆ చీటీనో, దాని ఫోటోనో తీసికొనిపోవుడు. ఖాళీ డబ్బాను ఇంటికి తెచ్చి నీళ్లకు వాడకుడు. ఏ దినమున చల్లితిరి, గాలి యెదురుగా వీచెనా, చేతొడుగు చినిగియుండెనా అను సంగతులను డ్రెస్సరుతోనైనను చెప్పుడు. వైద్యుడు చీటీలో రోగము పేరు వ్రాయునప్పుడు దాని ప్రక్కను "పిచికారి పని" అని కూడ వ్రాయుమని వినయముగా అడుగుడు. ఆ రెండు మాటలు లేనిచో, పెర్కెసో కచ్చేరీలో సహాయము కోరినప్పుడు, మీ చేతిపుండు వట్టి గజ్జిగానే లెక్కింపబడవచ్చును.