తుపాకీకి కొత్త వేషం: పిల్లలు అడిగే ‘స్కిన్’ అంటే ఏమిటి?



ఈ మధ్య ఎనిమిదో తరగతి పిల్లలను ‘నాకు ఇష్టమైన వస్తువు’ అని ఇంగ్లిష్‌లో ఒక పేరా రాయమన్నాను. సైకిల్, క్రికెట్ బ్యాట్ వస్తాయనుకున్నాను. ఒక అబ్బాయి ‘ఎం416 గ్లేసియర్’ గురించి రాశాడు. అది బీజీఎంఐ గేమ్‌లో మంచు డిజైన్ వేసిన తుపాకీ.

ఆ గేమ్‌లో మామూలు తుపాకీ అందరికీ ఉచితమే. దాని పైన వేసే రంగు, డిజైన్‌ను ‘స్కిన్’ అంటారు. మన తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, దొర వేషం వేస్తారు కదా, అలాంటిదే. వేషం మారుతుంది, మనిషి మారడు. బీజీఎంఐ, వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్‌లలో స్కిన్ కొన్నంత మాత్రాన తూటా బలం పెరగదు. ఫ్రీ ఫైర్‌లో మాత్రం చాలా స్కిన్లు తుపాకీ బలాన్ని, వేగాన్ని కొద్దిగా మారుస్తాయి. అందుకే మీ బిడ్డ “అది లేకపోతే ఓడిపోతాను” అంటే, ముందు ఏ గేమ్ అని అడగండి.

మరి ఉత్త రంగుకు అంత మోజు ఎందుకు? తోటివాళ్లు చూస్తారు కాబట్టి. పండక్కి కొత్త బట్టలు కావాలని మనమూ మారాం చేసినవాళ్లమే. ఆ కోరికలో తప్పు లేదు. అమ్మే పద్ధతితోనే చిక్కు.

మొదటిది, అక్కడ రూపాయలు కనబడవు. బీజీఎంఐలో ‘యూసీ’, ఫ్రీ ఫైర్‌లో ‘డైమండ్స్’ కొని, వాటితో ఖర్చు పెట్టాలి. ఎంత పోయిందో పిల్లలకు లెక్క తెలియదు.

రెండోది, మంచి స్కిన్లు చాలావరకు నేరుగా దొరకవు. పెట్టె తెరవాలి, లేదా స్పిన్ తిప్పాలి. జాతరలో రింగులాట లాగా అదృష్టం మీద ఆట. ఉదాహరణకు, నూటికి ఒక్క అవకాశం ఉందనుకుందాం. నూరుసార్లు తిప్పితే తప్పక వస్తుందని పిల్లలు అనుకుంటారు. కానీ లెక్క వేస్తే, అలా నూరేసిసార్లు తిప్పిన నూరుమందిలో సుమారు 37 మందికి అది రానే రాదు. ఇలాంటి కొన్ని గేమ్ పెట్టెలను బెల్జియం 2018లోనే జూదమని తేల్చింది.

2022లో హైదరాబాద్ అంబర్‌పేటలో 16 ఏళ్ల బాలుడు ఫ్రీ ఫైర్ మీద ఇంట్లోవాళ్ల ఖాతాలోని సుమారు 36 లక్షల రూపాయలు ఖర్చు చేశాడని పోలీసులకు ఫిర్యాదు అందింది. మొదట కట్టింది చిన్న మొత్తాలే.

ఇంట్లో మనం చేయగలిగినవి:

• ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.
• పిల్లలు వాడే ఫోన్‌లో కార్డు వివరాలు ఉంచకండి. యూపీఐ పిన్ చెప్పకండి.
• తెలియకుండా డబ్బు పోతే 48 గంటల్లోపే గూగుల్ ప్లేలో రీఫండ్ అడగండి.
• ‘ఫ్రీ డైమండ్స్’ లింకులు నమ్మవద్దని చెప్పండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఫోన్ లాక్కునే ముందు ఒక్కసారి పక్కన కూర్చొని “ఏదీ, నాకూ చూపించు” అనండి. పేరా రాసిన అబ్బాయిని నేను అదే అడిగాను. ఆ స్కిన్ వాడి దగ్గర లేదట, ఫ్రెండ్ ఫోన్‌లో చూశాడట. “ఇంట్లో అడిగితే తిడతారు మేడమ్” అన్నాడు. అడగడానికి భయపడే పిల్లలే చెప్పకుండా కొంటారు. మన ఇంట్లో ఆ భయం లేకుండా చూసుకుందాం.