కాలి పని చేతికి

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్‌.బి. నగరునకు పోవు విజయవాడ రహదారిపై రద్దీవేళ మోటారు సైకిలు నడుపువాడు అడుగడుగున ఆగవలసియుండును. అప్పుడు పాదములకు మూడు పనులు: ఎడమపాదము గేరు మార్చును, కుడిపాదము వెనుక బ్రేకు నొక్కును, బండి నిలిచినపుడు ఒక పాదము నేలపై ఆని దానిని పడకుండ ఆపును. పోలియోచేతనో ప్రమాదముచేతనో కాళ్లు బలహీనమైనవారికి ఈ మూడింటికిని వేరు ఏర్పాటు కావలెను.

గేరు: గేర్లులేని స్కూటరులో ఈ పని యంత్రమే చేసికొనును. ఇంజను వేగము పెరిగినకొలది చిన్న గుండ్లు వెలుపలికి జరిగి ముందు కప్పీ పలకలను దగ్గరకు నెట్టును; బెల్టు పెద్ద వలయములో తిరుగును.

బ్రేకు: ఇట్టి స్కూటరులో రెండు బ్రేకులును చేతిమీటలే. మోటారు సైకిలులో మాత్రము వెనుక బ్రేకును చేతికి మార్చవలెను. కాలికున్నంత బలము చేతికి లేదు. మీట పొడవు రెట్టించినచో సగము బలము చాలును గాని, చేయి రెట్టింపు దూరము కదలవలెను. పిడికిలి ముడిచెడి దూరము కొద్ది అంగుళములే. కనుక ఇది కొలతలెరిగినవారి పని. విద్యార్థులు సైకిలు బ్రేకుమీటను చివర ఒకసారి, ఇరుసువద్ద ఒకసారి నొక్కి చూచినచో ఈ భేదము తెలియును.

ఆధారము: ఇరుప్రక్కల చక్రములమర్చిన బండి ఆగినను పడదు, కాని మలుపులో ఒరుగలేదు. వేగము తగ్గింపనిచో బయటివైపునకు బోల్తాపడును.

2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ఇట్టి బండ్లకు ప్రత్యేక నిర్వచనము నిచ్చినది. రిజిస్ట్రేషను అధికారి అనుమతి పొందిన పిమ్మటనే వానిని రోడ్డెక్కింపవలెను.